స్నానపు ఉండలు: పొంగు, తయారీ, ఎంపిక



పట్టణములలోని పెద్ద అంగడులలో నిమ్మపండంత మొదలుకొని నారింజపండంత వఱకు గల రంగురంగుల ఉండలు నేడు అమ్మకమునకు వచ్చుచున్నవి. వానిని 'బాత్ బాంబు'లందురు. పేరు బాంబే గాని అందు మందుగుండు లేదు, నిప్పు లేదు. గోరువెచ్చని నీట వేయగానే ఆ ఉండ బుసబుస పొంగుచు, గిరగిర తిరుగుచు, రంగును వాసనను వెదజల్లి కొలది నిమిషములలో కరిగిపోవును. చూచువారికి అది వేడుక, కొనువారికి వ్యయము, కారణము వెదకువారికి చక్కని రసాయనశాస్త్ర పాఠము.

ఈ ఉండలో చేరిన ప్రతి వస్తువునకు ఒక పని కలదు. ఏ వస్తువు ఏ పని చేయునో ఎఱిగినవారు ఉండను చేయగలరు, అంగడిలో మంచిదానిని ఎంచగలరు, అక్కఱ లేనిచో మానగలరు. ఈ మూడును తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము. ఇది పిల్లలకే కాదు, ఇంటికి వస్తువులు కొనితెచ్చు తల్లిదండ్రులకును ఉపయోగించును.

ఉండ పుట్టిన చోటు

నీట పొంగెడు మాత్రలు క్రొత్తవి కావు. 1931లో అమెరికాలో 'ఆల్కా-సెల్ట్‌జర్' అను మాత్ర వెలువడెను. గ్లాసెడు నీట వేసిన అది పొంగును. ఆ నీటిని కడుపులోని పులుపు తగ్గుటకు త్రాగుదురు. ఇంగ్లాండు దేశమున డోర్సెట్ సీమలోని పూల్ పట్టణమున మో కాన్‌స్టాంటైన్ అను నామె, ఇట్టి పొంగు స్నానపు తొట్టిలో ఏల ఉండరాదని యోచించి, 1989లో మొదటి స్నానపు ఉండను చేసెను. 1995లో 'లష్' అను సంస్థను స్థాపించినవారిలో ఆమెయు ఒకతె. ఆ సంస్థ ద్వారా ఈ ఉండలు దేశదేశములకు ప్రాకినవి.

ఇంగ్లాండు చలిదేశము. అచ్చట పెక్కు ఇండ్లలో మనిషి కాళ్లు చాచుకొని కూర్చుండదగిన తొట్టి యుండును. పని ముగించుకొని వచ్చినవారు అందు వేడినీరు నింపుకొని కొంతసేపు మేను వాల్చుట వారి వాడుక. స్నానపు ఉండ ఆ తొట్టికొఱకు పుట్టిన వస్తువు. ఈ సంగతిని జ్ఞాపకమున ఉంచుకొనుడు. ముందు దీనితో మనకు పనియున్నది.

పొంగుటకు కారణము

ఉండలో ముఖ్యమైన పొడులు రెండు. మొదటిది వంటసోడా, దాని శాస్త్రీయ నామము సోడియం బైకార్బొనేట్. ఇది బలహీనమైన క్షారము. రెండవది నిమ్మ ఉప్పు. పేరు ఉప్పే గాని ఇది ఆమ్లము, సిట్రిక్ ఆమ్లము. ఈ రెండు పొడులును ఎండియున్నంత కాలము ప్రక్కప్రక్కనే యుండియు ఒకదానితో నొకటి పనిపెట్టుకొనవు. నీరు తగిలినంతనే రెండును కరిగి కలియబడును. అప్పుడు మూడు క్రొత్త వస్తువులు పుట్టును: సోడియం సిట్రేట్ అను లవణము, నీరు, బొగ్గుపులుసు వాయువు. ఈ వాయువునే కార్బన్ డయాక్సైడ్ అందురు. ఇది బుడగలై పైకి వచ్చుటయే మనము చూచు పొంగు. బుడగలు ఒక ప్రక్క ఎక్కువగా వెలువడినపుడు అవి ఉండను నెట్టును. కావుననే ఉండ నీటిపై తిరుగాడును.

ఇది మాటపై నమ్మవలసిన సంగతి కాదు. ఒక సీసాలో చెంచాడు ఉండపొడి వేసి, కొంచెము నీరు పోసి, వెలువడు వాయువును గొట్టము ద్వారా సున్నపు తేటలోనికి పంపుడు. తేట పాలవలె తెల్లబాఱును. అది బొగ్గుపులుసు వాయువునకు గుర్తు.

ఇచ్చట పొంగునకును నురుగునకును గల భేదమును గ్రహింపవలెను. కుంకుడుకాయను నలిపి నీట చిలికిన నురుగు వచ్చును. అందు క్రొత్త వాయువేదియు పుట్టదు. కాయలోని సపోనిన్ అను పదార్థము మనము చిలికిన గాలినే బుడగలుగా పట్టి నిలుపును. నురుగు నిలుచును, మురికిని కూడ వదల్చును. పొంగు వచ్చును, పోవును. అది మురికిని వదల్పదు. నురుగు గూడ రావలెనని కొన్ని ఉండలలో సబ్బు జాతి పొడులను కలుపుదురు. ఉండ వేసిన తరువాత నురుగు చాలసేపు నిలిచినచో అందు అట్టి పొడి యున్నదని తెలిసికొనవచ్చును.

నిమ్మకాయ యుండగా నిమ్మ ఉప్పు ఏల?

ఇంట నిమ్మకాయ లుండగా నిమ్మ ఉప్పును కొనుట యెందుకని మీరడుగవచ్చును. నిమ్మరసమున నూటికి అయిదారు పాళ్లు మాత్రమే సిట్రిక్ ఆమ్లము. తక్కినది చాలవఱకు నీరే. రసము పోసి కలిపిన పొడి మన చేతిలోనే పొంగి ముగియును. తొట్టికి మిగులునది ఏమియు ఉండదు. అదిగాక 25 గ్రాముల ఆమ్లము కావలెనన్న సుమారు అరలీటరు రసము పిండవలెను. కావున ఎండిన ఆమ్లమే కావలెను.

స్వీడను దేశపు రసాయనవేత్త కార్ల్ విల్హెల్మ్ షీలె 1784లో నిమ్మరసమునుండి ఈ ఆమ్లమును మొట్టమొదట స్ఫటికములుగా వేఱుచేసెను. 1917లో జేమ్స్ కర్రీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆస్పర్జిల్లస్ నైగర్ అను నల్లని బూజు చక్కెరనుండి ఈ ఆమ్లమును సమృద్ధిగా చేయునని కనుగొనెను. నేడు అంగడిలో దొరకు నిమ్మ ఉప్పులో అధికభాగము నిమ్మతోటలనుండి కాక, బూజు పనిచేయు పెద్ద తొట్లనుండి వచ్చునదే. శుద్ధిచేసిన పిదప రెండును ఒక్కటే వస్తువు.

పాళ్ల లెక్క

తరగతిలో నేర్చిన అణుభారముల లెక్క ఇచ్చట అక్కఱకు వచ్చును. సోడా అణుభారము 84. నిమ్మ ఉప్పుది 192. బొగ్గుపులుసు వాయువుది 44. మూడణువుల సోడాకు ఒక అణువు ఆమ్లము సరిపోవును. అనగా 252 గ్రాముల సోడాకు 192 గ్రాముల ఆమ్లము కావలెను. 100 గ్రాముల ఆమ్లమునకు 131 గ్రాముల సోడా చాలును.

కాని ఉండలు చేయువారు సాధారణముగా ఆమ్లమునకు రెట్టింపు సోడా వేయుదురు. 50 గ్రాముల సోడా, 25 గ్రాముల ఆమ్లము గల ఒక ఉండను తీసికొందము. అందు సుమారు 33 గ్రాముల సోడా ఖర్చగును. 17 గ్రాములు మిగిలిపోవును. పుట్టు వాయువు కూడ సుమారు 17 గ్రాములే. దాని ఘనపరిమాణము 25 డిగ్రీల వేడిమిలో దాదాపు తొమ్మిదిన్నర లీటర్లు. పిడికెడు ఉండలో ఒక చిన్న బకెట్టెడు వాయువు దాగియున్నదన్నమాట!

మిగిలిన సోడా నీటిని కొంచెము క్షారయుక్తము చేయును. మన చర్మమో కొంచెము ఆమ్లస్వభావము గలది. 150 లీటర్ల తొట్టిలో 17 గ్రాముల సోడా లెక్కలోనిది కాదు. అదే ఉండను అయిదు లీటర్ల పళ్లెమున వేసినచో గాఢత ముప్పది రెట్లు హెచ్చును. ఉండను ఎంచుకొనుటకు ముందు నీటిని కొలుచుకొనవలెననుట ఇందుచేతనే.

ఇంట చేయు విధము

నాలుగు ఉండలకు కావలసినవి: వంటసోడా 200 గ్రాములు, నిమ్మ ఉప్పు 100 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ అను మొక్కజొన్న గంజిపొడి 50 గ్రాములు, ఎప్సం ఉప్పు 50 గ్రాములు, కొబ్బరినూనె రెండు టీ చెంచాలు, సువాసన తైలము పది చుక్కలు. గంజిపొడి పొంగును కొంత నెమ్మదింపజేయును, ఉండకు దిట్టదనమిచ్చును. ఎప్సం ఉప్పు మెగ్నీషియం సల్ఫేట్. అది లేకున్నను ఉండ పొంగును. సువాసన తైలము వలదనుకొన్నవారు మానవచ్చును.

పెద్దలు దగ్గఱ నుండగనే పనికి పూనుకొనవలెను. చేతులు, గిన్నెలు, చెంచాలు పొడిగా తుడుచుకొనుడు. నిమ్మ ఉప్పు ధూళి కంట పడిన మండును, ముక్కున పోయిన తుమ్ములు వచ్చును. కావున దానిని ఎగురజల్లక మెల్లగా పోయవలెను. మొదట సోడాను, గంజిపొడిని, ఎప్సం ఉప్పును జల్లించి కలుపుడు. నూనెను, తైలమును కలిపి ఆ పొడిలో చుక్కచుక్కగా వేయుచు వ్రేళ్లతో నలుపుడు. నిమ్మ ఉప్పును కడపట కలుపుడు.

సున్నుండలు చుట్టునపుడు మీ తల్లిగారి చేతిని గమనించియుందురు. ఆమె పిండిలో నీరు పోయదు. నేతితోనే ఉండ కట్టును. ఇచ్చటను అదే ధర్మము. నూనె పొడిని పట్టి యుంచును గాని పొంగింపదు. నీరు పట్టియు ఉంచును, పొంగించును కూడ. నూనె చాలనిచో తుంపర చల్లు సీసాతో ఒకటి రెండు మాఱులు మాత్రమే నీరు చల్లి వెంటనే కలుపవలెను. పిడికిట పట్టి వదలిన పొడి ముద్దగా నిలిచిన చాలును. దానిని అచ్చులోనో చిన్న గిన్నెలోనో గట్టిగా అదిమి, కొంతసేపటికి బోర్లించి తీసి, గాలి తగులు పొడిచోట ఒక దినము ఆఱనిండు.

రెండు హెచ్చరికలు. మొదటిది: తడి ఆఱని ఉండను బిగుతు మూతగల సీసాలో పెట్టరాదు. లోపల వాయువు పుట్టుచునే యుండి సీసా పగులవచ్చును. రెండవది: వంటసోడా వేఱు, చాకలిసోడా వేఱు. చాకలిసోడా సోడియం కార్బొనేట్; అది చాల తీవ్రమైన క్షారము, చర్మమును మండించును. అంగడిలో ఊరక 'సోడా' యని అడుగరాదు.

మన ఊళ్ల తేమ

ఒకే కొలతతో చేసిన ఉండ అన్ని ఊళ్లలో ఒకే రీతిగా రాదు. చెన్నపట్టణము, యానాము, బరంపురము వంటి సముద్రతీరపు సీమలలో గాలి తేమగా నుండును. ఆ తేమయే పొడిని మెల్లమెల్లగా పొంగించి ఉండపై బొడిపెలు లేపును. వారము తిరుగకుండనే ఉండ చప్పబడిపోవును. హోసూరు, బళ్లారి వంటి మెట్టసీమలలో ఎండకాలమున ఈ చిక్కు తక్కువ. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల క్రింద గడ్డకట్టును. హోసూరు చలిలో అది ఉండను రాయివలె బిగించును, చెన్నపట్టణపు వేసవిలో కరిగి మెత్తబఱచును.

తీరవాసులకు సులభోపాయ మొకటి కలదు: ఉండ కట్టనే వలదు. నీరు చల్లక, పొడిని పొడిగానే డబ్బాలో భద్రపఱచి, కావలసినపుడు చెంచాడు వాడుకొనవచ్చును. గుండ్రని రూపము కంటికొఱకే. పొంగుటకు రూపముతో పనిలేదు.

తొట్టి లేని యింట

మనలో పెక్కుమంది యిండ్లలో స్నానపు తొట్టి లేదు. ఉండవలెనని కోరుటయు తగదు. ఒక్క తొట్టి నిండవలెనన్న సుమారు 150 లీటర్ల నీరు కావలెను. బకెట్టు స్నానమునకు ఒకటి రెండు బకెట్లు, అనగా 20 నుండి 40 లీటర్లు చాలును. నీటిబండి కొఱకు బిందెలు వరుసపెట్టు వీథులు గల ఊళ్లలో ఈ భేదము చిన్నది కాదు.

అట్టి యింట ఈ ఉండకు తగిన చోటు పాదస్నానము. వెడల్పు పళ్లెమునగాని టబ్బునగాని అయిదారు లీటర్ల గోరువెచ్చని నీరు పోసి, ఉసిరికాయంత ఉండనో ఒక చెంచా పొడినో వేసి, పది పదునైదు నిమిషములు పాదములుంచి, పిదప మంచినీట కడిగి తుడుచుకొనవచ్చును. ఆ నీటిని మొక్కలకు పోయవలదు. అందలి సోడియం లవణములు మట్టికి మేలుచేయవు. నేల కడుగుటకు వాడవచ్చును.

విశ్రాంతి ఎచ్చటనుండి వచ్చును?

అమ్మకపు పట్టీలపై ఈ ఉండ అలసట తీర్చునని, నిద్ర పట్టించునని వ్రాయుదురు. ఇందెంత నిజము? అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయపు ఆస్టిన్ శాఖకు చెందిన పరిశోధకులు అంతకుముందు జరిగిన పెక్కు పరిశీలనలను సమకూర్చి 2019లో ఫలితములను ప్రకటించిరి. పడుకొనుటకు ఒకటి రెండు గంటల ముందు, 40 నుండి 42.5 డిగ్రీల వెచ్చని నీట స్నానము చేసినవారికి నిద్ర త్వరగా పట్టునని అందు తేలెను. వెచ్చదనము వలన చేతులలోను పాదములలోను రక్తనాళములు విప్పారును. పిదప దేహపు లోపలి వేడిమి తగ్గును. అదియే నిద్రకు దారితీయును. ఇందు పొంగు ప్రసక్తి లేదు. ఎప్సం ఉప్పులోని మెగ్నీషియం చర్మము ద్వారా దేహమున చేరి మేలుచేయునను మాటకును తగిన నిదర్శనము లేదు.

కావున విశ్రాంతినిచ్చునది వెచ్చని నీరు, తీరిక, నిశ్శబ్దము. ఉండ ఇచ్చునది వేడుక, సువాసన. నూనె గల ఉండయైనచో చర్మమునకు కొంత మెత్తదనము. పండుగనాడు నువ్వులనూనె పట్టించి, నలుగుపిండి రుద్ది, కుంకుడు రసముతో తలంటి, కాగునీరు పోయు మన స్నానమందును విశ్రాంతికి మూలము ఆ నూనెమర్దనము, ఆ వేడినీరు, ఆ తీరికయే. మనదని దానిని మితిమీఱి పొగడనక్కఱలేదు. కుంకుడు రసము కంట పడిన ఎంత మండునో మీరెఱుగుదురు. పరాయిదని దీనిని నిందింపనక్కఱలేదు. దేనిలో ఏది పని చేయుచున్నదో చూచుటయే చదువు.

అంగడిలో ఎంచునపుడు

మన పిల్లలకు వస్తువుల పట్టీలు సాధారణముగా ఆంగ్లమున కనబడును, అంగడివారు తమ ప్రాంతపు భాషలో మాటలాడుదురు, ఇంట తెలుగు. ఈ మూడింటి నడుమ కలత చెందనక్కఱలేదు. రసాయన నామములు ఏ భాషలోనైనను ఒక్కటియే. సోడియం బైకార్బొనేట్, సిట్రిక్ యాసిడ్ అను రెండు పేర్లు పట్టీపై మొదటనే యుండవలెను. ఎక్కువ పాలు గల వస్తువును ముందు వ్రాయుట వాడుక. ఇవి గాక చూడదగినవి నాలుగు.

మొదటిది, సువాసన. 'పర్ఫ్యూమ్' లేక 'ఫ్రాగ్రెన్స్' అను ఒక్క మాట వెనుక పెక్కు ద్రవ్యములు దాగియుండవచ్చును. లిమొనీన్, లినలూల్ అనునవి గాలి తగిలి మాఱినపుడు కొందఱి చర్మమునకు పడవు. చర్మము సున్నితమైనవారు సువాసన లేని ఉండను ఎంచుకొనవలెను. రెండవది, రంగు. ముదురురంగు చర్మమునకు, తువ్వాలుకు, తొట్టికి అంటును, లేతరంగు మేలు. మూడవది, మెఱుపుపొడి. ప్లాస్టిక్ మెఱుపుపొడి కాలువలోనికి పోయి నశింపక నిలుచును. యూరపు కూటమి 2023లో అట్టి ప్లాస్టిక్ రేణువులపై నిషేధపు నియమములు తెచ్చినది. నాల్గవది, నూనె. బాదము, వేరుసెనగ నూనెలు పడనివారు పేరు చూచి విడువవలెను. ఏ నూనెయైనను తొట్టిని జాఱుడు చేయును, వృద్ధులు పడిపోవు ప్రమాదము కలదు.

మన దేశమున 2020 నాటి సౌందర్య సాధనముల నియమముల ప్రకారము తయారుచేసినవారి పేరు, చిరునామా, వాడదగిన గడువు, చేరిన వస్తువుల పట్టిక పొట్లముపై ఉండవలెను. ఇవి లేని ఉండ ఎంత అందముగా నున్నను కొనరాదు.

ఎవరికి తగదు?

చర్మమున గజ్జి, పగుళ్లు, పుండ్లు గలవారును, పసిపిల్లలును ఈ ఉండల జోలికి పోరాదు. సువాసన, రంగు గల నీట ఎక్కువసేపు కూర్చున్న బాలికలకు మూత్రద్వారమున మంట కలుగవచ్చును. గుండెజబ్బు గలవారు, గర్భిణులు వైద్యుని అడుగక వేడినీట ఎక్కువసేపు ఉండరాదు.

ఒక మాటను ప్రత్యేకముగా చెప్పవలెను. మీ యింట తాతగారికిగాని అమ్మమ్మగారికిగాని మధుమేహమున్నచో, ప్రేమతోనైనను వారి పాదములను వేడినీట ముంచవలదు. ఆ వ్యాధి ముదిరినపుడు పాదములకు స్పర్శజ్ఞానము తగ్గును. నీరు కాలుచున్నను తెలియదు. చిన్న బొబ్బయే మానని పుండు కావచ్చును. వారి పాదములను గోరువెచ్చని నీట కడిగి, వ్రేళ్ల సందులు తుడిచి, ఎక్కడనైన గాయమున్నదేమో చూచుటయే వారికి చేయదగిన సేవ. ఎవరికైనను నీటి వేడిమిని మొదట మోచేయి ముంచి చూడవలెను.

అభ్యాసములు

1. 60 గ్రాముల సోడా, 30 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన పొడిలో పొంగు ముగిసిన పిదప ఎంత సోడా మిగులును?

2. ఉండ కరిగిన నీటిలో మందారపూరేకుల రసము కొంచెము కలిపి చూడుడు. ఆకుపచ్చ వైపు మొగ్గినచో నీరు క్షారము; ఎఱ్ఱబడినచో ఆమ్లము. మీ ఉండలో ఏది మిగిలినది?

3. ఒకే పొడిని చల్లని నీటను, వెచ్చని నీటను వేసి, పొంగు ముగియుటకు పట్టిన కాలమును వ్రాసికొనుడు. కారణము చెప్పుడు.

4. మీ యింట నున్న సబ్బు, తలకు వాడు షాంపూ పట్టీలపై గల మొదటి అయిదు పేర్లను తెలుగు లిపిలో వ్రాసి, ఒక్కొక్కటి ఏ పని చేయునో మీ సైన్సు ఉపాధ్యాయునడిగి తెలిసికొని, ఇంట పెద్దలకు చదివి వినిపింపుడు.